ఆనెకాయలు, వాటి సురక్షిత చికిత్స

పాదంలో ఒకే చోట రోజుల తరబడి ఒత్తిడీ రాపిడీ పడుతుంటే అక్కడి చర్మం పైపొర మందమెక్కి గట్టిపడుతుంది. అలా గట్టిపడ్డ చర్మం వెడల్పుగా పరుచుకుంటే కాయ కాసిందంటాం. అదే చర్మం చిన్న చోట కుదించుకుపోయి, నడుమ పసుపు పచ్చగా మెరిసే గట్టి మొన ఒకటి లోపలికి దిగితే అది ఆనె, ఆనెకాయ. రెండింటిలోనూ ఉన్నది గోళ్లలో, వెంట్రుకల్లో ఉండే కెరాటినే. అందులో రక్తనాళం లేదు, నరం లేదు. కాబట్టి ఆనెకు తనదంటూ నొప్పి ఉండదు. అడుగు వేసినప్పుడు ఆ మొన కింది పొరలోని నరాల కొసలను నొక్కుతుంది, చెప్పులో గులకరాయి చిక్కుకున్నట్టు కలుక్కుమంటుంది. చికిత్స గురించి చెప్పుకోవలసిందంతా ఈ పుట్టుకలోనే ఉంది. చర్మం తన మీద పడుతున్న బరువును తట్టుకోవడానికి చేసుకున్న ఏర్పాటు ఆనె. ఆ బరువు తగ్గకుండా దాన్ని కోసినా, కాల్చినా, మందు పెట్టి కరిగించినా తిరిగి వస్తుంది. కోత లోతుకు పోయేకొద్దీ ప్రమాదం పెరుగుతుందే కాని ఫలితం పెరగదు.

2019 ఫిబ్రవరి 17న జయశంకర్ భూపాలపల్లి జిల్లా నుంచి విడివడ్డ ములుగు జిల్లాలో ఈ సంగతికి పట్టణాల్లో కన్నా ఎక్కువ బరువుంది. ఇక్కడ బతుకు చాలావరకు కాలినడక మీద సాగుతుంది. వానాకాలం నాట్లకు బురదలో గంటల తరబడి నిలబడాలి. ఎండాకాలం తునికాకు కోతకు తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో రాళ్లబాట పట్టాలి. గోదావరి వెంబడి మంగపేట, వాజేడు, వెంకటాపురం వైపు మిరప ఏరడానికి పొద్దంతా సాళ్ల మధ్య తిరగాలి. కాలికి ఉండేది ఎక్కువగా అడుగు అరిగిన రబ్బరు స్లిప్పర్. ఆ స్లిప్పర్‌ను తిరగేసి చూస్తే ఆనె కథ సగం అక్కడే తెలిసిపోతుంది. బొటనవేలి ముద్ద కిందా, మడమ కిందా రబ్బరు గుంటపడి ఉంటుంది, ఒక అంచు రెండోదాని కన్నా పలచబడి ఉంటుంది. పాదం బరువంతా ఏ చోట మోపుతోందో ఆ గుంట చూపిస్తుంది, సాధారణంగా ఆనె ఉండేది కూడా సరిగ్గా ఆ చోటే. మూసుకుపోయిన బూట్లు వేసుకునే కానిస్టేబుళ్లకు, డ్రైవర్లకు ఆనె వేళ్ల కణుపుల మీదా చిటికెన వేలి పక్కనా వస్తుంది, ఎందుకంటే అక్కడ బూటు తోలు ఒరుస్తుంది. వేళ్లు వంకర తిరిగిన ముసలివాళ్లకూ అంతే. ఇక వేలికీ వేలికీ మధ్య, ముఖ్యంగా నాలుగో వేలికీ చిటికెన వేలికీ నడుమ వచ్చేది మెత్తటి ఆనె. చెమటకూ తడికీ నాని తెల్లగా ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని ఒరుపు అనుకుని ఏదో పూతమందు రాసి ఊరుకుంటారు.

ఆనెకు లోపల వేరు ఉంటుందనీ, ఆ వేరు తీస్తే తప్ప పోదనీ ఊళ్లలో గట్టి నమ్మకం. పైపైన చెక్కితే తిరిగి రావడం అందరూ చూసిందే కనుక ఈ నమ్మకం బలపడింది. కాని తిరిగి రావడానికి కారణం వేరు కాదు, మర్నాడు అదే కాలు అదే చెప్పులో అదే చోట మోపడం. దీనికి మంచి సాక్ష్యం ఒకటుంది. బ్రిటన్‌లోని షెఫీల్డ్‌లో ఆనెలున్న 202 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు సాలిసిలిక్ ఆమ్లం ఉన్న ప్లాస్టర్లు వేశారు, రెండో గుంపుకు పాద చికిత్స నిపుణులు పద్ధతి ప్రకారం ఆనెను చెక్కి తీశారు. 2013లో అచ్చయిన ఆ ఫలితాల్లో, మూడు నెలలకు ఆనె పూర్తిగా పోయినవాళ్లు ప్లాస్టర్ గుంపులో 34 శాతం, చెక్కిన గుంపులో 21 శాతం. ప్లాస్టర్ కొంత మెరుగని ఈ అంకెలు చెబుతున్నాయి, నిజమే. అంతకన్నా పెద్ద సంగతి మరొకటి ఉంది. శిక్షణ పొందిన చేతుల్లో, శుభ్రమైన పరికరాలతో చెక్కినా దాదాపు ఐదుగురిలో నలుగురికి ఆనె మిగిలే ఉంది. అలాంటప్పుడు మంగలి కత్తితోనో, పాత బ్లేడుతోనో ఇంటి అరుగు మీద లోతుగా కోసుకుంటే శాశ్వతంగా పోతుందని ఆశపడటానికి ఆధారం ఎక్కడుంది?

ఆనె మన నేలకు కొత్త కాదు. సుశ్రుత సంహిత దీన్ని కదరం అంది. గులకరాళ్లకు నలిగిన పాదంలోనో, ముల్లు గుచ్చుకున్న చోటో రేగుపండంత గట్టి ముడిగా పుడుతుందని వర్ణించింది. కారణం బయటి దెబ్బలో, ఒరిపిడిలో ఉందని అంత పూర్వమే కనిపెట్టడం గొప్ప సంగతి. అయితే అది చెప్పిన వైద్యం శస్త్రంతో కోసి, కాగిన నూనెతో కాల్చడం. మత్తుమందు లేని, ప్లాస్టర్ లేని కాలంలో అంతకు మించి దారి లేకపోవచ్చు. ఇప్పుడు దారులున్నాయి, కాబట్టి ఆ గ్రంథం గుర్తించిన కారణాన్ని తీసుకుని, వాతను వదిలేయడమే దానికి ఇచ్చే గౌరవం. ఊళ్లలో ఆ వాత ఇంకా రకరకాలుగా బతికే ఉంది. అడవిలో దొరికే నల్లజీడి గింజను కాల్చి, కారే చమురును వేడివేడిగా ఆనె మీద పెడతారు. జీడిమామిడి కుటుంబానికే చెందిన ఆ చెట్టు గింజలో చర్మాన్ని కాల్చే ఘాటైన రసం ఉంది. చాకలివాళ్లు బట్టల మీద చెరగని గుర్తులు పెట్టడానికి వాడింది దాన్నే. అది ఆనె దగ్గర ఆగదు. పక్కనున్న మంచి చర్మం బొబ్బలెక్కి, పుండుపడి, కొందరికి కాలంతా దద్దురు లేస్తుంది. జిల్లేడు పాలు, సున్నం కలిపిన ముద్దలు కూడా ఈ కోవలోవే. కొందరికి వీటితో ఆనె ఊడిపడిన మాట నిజం. పైపొరను కాల్చే ఏ పదార్థానికైనా ఆ గుణం ఉంటుంది. ఊడిపడటం, నయం కావడం ఒకటి కాదు. అదీగాక పుండుపడినవాళ్ల సంగతి ఎవరూ మందు గొప్పతనం చెప్పేటప్పుడు కలపరు.

ఏ చికిత్సకైనా ముందు తేల్చుకోవలసింది అసలది ఆనేనా అని. ములుగు లాంటి చోట మొదటి ప్రశ్న ముల్లు గురించి. తుమ్మ ముల్లో ఈత ముల్లో విరిగి లోపల ఉండిపోతే దాని చుట్టూ చర్మం గట్టిపడి అచ్చం ఆనెలాగే కనిపిస్తుంది. దాని మీద ఎన్ని ప్లాస్టర్లు వేసినా పోదు, ముల్లు తీస్తేనే పోతుంది. ఆనె బరువు పడే చోట, చెప్పు ఒరిసే చోట వస్తుంది; నేలకు తగలని అరికాలి గుంటలో గట్టి ముడి కనిపిస్తే ముల్లునో మరొకదాన్నో అనుమానించాలి. రెండోది పులిపిరి. ఇది వైరస్ వల్ల వస్తుంది. పైపొర కాస్త అరగదీస్తే నల్లటి చుక్కలు బయటపడతాయి, అవి గడ్డకట్టిన సన్నటి రక్తనాళాలు. చర్మం మీది గీతలు పులిపిరి దగ్గర తెగి పక్కకు తొలగిపోతాయి. వేళ్లతో రెండు పక్కల నుంచి నొక్కితే పులిపిరి నొప్పి పుడుతుంది, ఆనె మీద నేరుగా నొక్కితే నొప్పి పుడుతుంది. ఇదొక్కటే నమ్ముకోవడానికి చాలదు కాని మూడూ కలిపి చూస్తే పొరపాటు తగ్గుతుంది. అరికాలిలో నల్లగానో గోధుమరంగులోనో మచ్చ ఉండి అది పెరుగుతుంటే, రక్తం కారుతుంటే దాన్ని ఇంట్లో అస్సలు గీకకూడదు. అరుదుగానైనా అది చర్మ కాన్సర్ కావచ్చు.

స్పర్శ బాగా ఉండి, రక్తప్రసరణ బాగా ఉన్న పాదానికి ఇంటి చికిత్స సరిపోతుంది, అదీ తేలికైనదే. గోరువెచ్చని నీళ్లలో పదీ పదిహేను నిమిషాలు కాళ్లు పెట్టుకుంటే గట్టి చర్మం నానుతుంది. అప్పుడు మడమలు రుద్దుకునే రాయితో గాని అట్ట ఆకురాయితో గాని ఒకే దిక్కుగా, నెమ్మదిగా రుద్దాలి. ఒక్క రోజులో సమం చేయాలని చూడకూడదు. ఎర్రగా కనిపించినా, చురుక్కుమన్నా ఆపేయాలి. తరవాత తుడిచి, వాజలిన్ గాని కొబ్బరినూనె గాని యూరియా కలిసిన క్రీమ్ గాని రాసుకోవాలి, వేళ్ల సందుల్లో మాత్రం రాయకూడదు. ఇలా రెండు మూడు వారాలు చేస్తే చాలా ఆనెలు నొప్పి లేని స్థాయికి పలచబడతాయి. వేళ్ల సందుల్లోని మెత్తటి ఆనెకు రుద్దడం పనికిరాదు. దానికి కావలసింది పొడిదనం, ఎడం. పొలం నుంచి రాగానే కాళ్లు కడిగి సందులు గుడ్డతో ఒత్తి ఆరబెట్టడం, రెండు వేళ్ల మధ్య కాస్త దూది పెట్టడం, ఇరుకు చెప్పు మానేయడం చాలు.

మందుల షాపుల్లో కార్న్ క్యాప్ పేరుతో దొరికే ప్లాస్టర్ గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే డాక్టర్ చీటీ లేకుండా దొరికేదానితో ప్రమాదం లేదని అందరూ అనుకుంటారు. అందులో సాధారణంగా ఉండేది 40 శాతం సాలిసిలిక్ ఆమ్లం. చర్మకణాలను అతికి ఉంచే బంధాలను అది వదులు చేస్తుంది, అప్పుడు పైపొర తెల్లగా ఉబ్బి లేచి వస్తుంది. ఆ ఆమ్లానికి ఆనె ఏదో మంచి చర్మం ఏదో తెలియదు. అందుకే మందు బిళ్ల ఆనె కన్నా పెద్దదిగా ఉండకూడదు, పక్కకు జారకూడదు. 48 గంటలకోసారి మార్చుతూ, నానిన తెల్లపొరను రుద్ది తీసేస్తూ, రెండు వారాలకు మించి కొనసాగించకపోవడం అమెరికాలో చీటీ లేకుండా అమ్మే మందులకు పెట్టిన హద్దు. మనకూ అదే మంచిది. వేళ్ల సందుల్లో, చిట్లిన చర్మం మీద, చిన్నపిల్లల కాళ్లకు వేయకూడదు. షుగర్ ఉన్నవాళ్లు, కాళ్లకు రక్తం సరిగా అందనివాళ్లు వాడవద్దని ప్యాకెట్ల మీదే రాసి ఉంటుంది, చాలావరకు ఇంగ్లీషులో, చాలా చిన్న అక్షరాల్లో. అందువల్ల అమ్మేవాళ్లు నోటితో ఒక్క మాట అడగాలి: షుగర్ ఉందా అని. షెఫీల్డ్ ఫలితాల్లో ప్లాస్టర్‌కు వచ్చిన మంచి మార్కులు అది సరిపడే కాళ్లకే వర్తిస్తాయి.

షుగర్ ఉన్న పాదంలో ఆనె అర్థమే మారిపోతుంది. చాలాకాలం రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. అప్పుడు ఆనె నొప్పి పెట్టదు. నొప్పి లేదు కాబట్టి మనిషి ఆ చోటనే మోపుతూ నడుస్తూనే ఉంటాడు, గట్టి మొన కింది మెత్తటి కండను నలిపేస్తుంది, పైకి ఆనెలాగే కనిపిస్తూ అడుగున పుండు తయారవుతుంది. 1996లో అచ్చయిన ఒక పరిశీలనలో, షుగర్ రోగుల పాదాల్లో కాయ ఉన్న చోట పుండు పడే అవకాశం లేని చోటికన్నా 11 రెట్లు ఎక్కువని తేలింది. 1992 నాటి మరో పరిశీలనలో, నిపుణులు ఆ కాయను తీసేశాక అక్కడ పడే ఒత్తిడి దాదాపు 26 శాతం తగ్గింది. ఈ రెండూ కలిపి చదివితే, షుగర్ ఉన్నవాళ్లు ఆనెను ముట్టుకోకుండా వదిలేయడం కూడా తప్పేనని అర్థమవుతుంది. తీయాలి, కాని తీయవలసింది చూపు, చేయి, పరికరం మూడూ సరిగ్గా ఉన్న మనిషి. స్పర్శ తెలియని కాలిని బ్లేడుతో కోసుకునేవాడికి ఎక్కడ ఆపాలో చెప్పేది ఏదీ ఉండదు.

ఈ జ్ఞానానికి ముఖ్యమైన పునాది దక్షిణ భారతంలోనే పడింది. 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కుష్ఠు రోగుల చేతులకూ కాళ్లకూ చికిత్స చేశాడు. కుష్ఠు వల్ల మాంసం కుళ్లి రాలిపోతుందని అప్పటిదాకా లోకం నమ్మకం. స్పర్శ పోయిన పాదం మీద రోజూ వేల అడుగుల కొద్దీ పడే మామూలు ఒత్తిడే పుండ్లకు కారణమని ఆయన, ఆయన సహచరులు నిరూపించారు. ఒత్తిడిని పంచే మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు ఆ కృషి ఫలమే. ఇవాళ ప్రభుత్వ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం ఉచితంగా ఇచ్చే ఎంసీఆర్ చెప్పులు అవే. స్పర్శ లేని పాదానికి చెప్పే మందు అన్న మాట వెల్లూరులో రుజువైంది, షుగర్ పాదానికీ అది అక్షరాలా వర్తిస్తుంది.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. చెప్పు మార్చుకోమనడం సులువు, రోజుకూలీ మీద బతికేవాళ్లు కొనేదెక్కడ? పైగా నాటు వేసే మడిలో ఏ చెప్పు నిలుస్తుంది? మడిలో చెప్పు నిలవదు, నిజమే. కాని మెత్తటి బురద ఆనెను పుట్టించదు. చర్మాన్ని నానబెడుతుంది, ఒరుపు తెస్తుంది. ఆనెను పెంచేది మడికి పోయే రాళ్లబాట, ఇంటి గచ్చు, రోడ్డు. ఆ చోట్ల చెప్పు వేసుకోవచ్చు. ఖర్చు సంగతికి వస్తే, కొత్త స్లిప్పర్ ఖరీదు పెద్దది కాదు, కొనేటప్పుడు చూసేదే మారాలి. అడుగు మందంగా, వేలితో నొక్కితే కొంచెం దిగేలా ఉండాలి. వేళ్లు బయటికి వేలాడకూడదు. మడమకు పట్టీ ఉంటే మేలు, లేకపోతే జారకుండా వేళ్లతో బిగించి పట్టుకుని నడవడంతో వేళ్ల మీద కొత్త కాయలు వస్తాయి. పాదం సాయంత్రానికి కొంచెం ఉబ్బుతుంది కనుక సంత నుంచి చెప్పులు సాయంత్రం పూట తెచ్చుకోవడం మంచిది. గుంటపడ్డ అడుగుతో ఏళ్ల తరబడి నెట్టుకురావడం పొదుపు కాదు. ఆనె చుట్టూ అతికించుకునే మెత్తటి ఉన్ని ఉంగరాలు స్పర్శ ఉన్నవాళ్లకు ఉపశమనం ఇస్తాయి. స్పర్శ లేనివాళ్లకు వద్దు, ఆ ఉంగరపు అంచే మరో చోట ఒత్తుతుంది.

చెప్పులు లేకుండా తిరిగిన పెద్దలకు ఆనెలెక్కడివి, పాదాలు ఇనుములా ఉండేవి కదా అనేది మరో అభ్యంతరం. ఇందులోనూ నిజం ఉంది. కెన్యాలో మామూలుగా వట్టికాళ్లతో నడిచేవాళ్ల పాదాలను, బూట్లు వాడేవాళ్ల పాదాలతో పోల్చి 2019లో నేచర్ పత్రిక ప్రచురించిన పరిశోధన, వట్టికాళ్లవాళ్ల అరికాలి కాయ మందంగా, గట్టిగా ఉన్నా స్పర్శ తగ్గలేదని తేల్చింది. అంటే సమంగా పరుచుకున్న కాయ పాదానికి రక్ష. నొప్పి లేనంతకాలం దాన్ని తీయనక్కరలేదు, తీయకూడదు కూడా. అడవిబాటలు నడిచే కోయ రైతు అరికాలిని అందం కోసం అరగదీయమని ఏ వైద్యుడూ చెప్పడు. కాని ఆ వాదన నరాలు ఆరోగ్యంగా ఉన్న పాదాలకే చెల్లుతుంది. షుగర్ వచ్చిన పెద్దాయన పాదం పాతికేళ్లనాటి ఆయన పాదం కాదు.

ఈ తేడా ములుగు జిల్లాలోని మేడారం దారిలో మరీ ముఖ్యం. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు ఎందరో మొక్కుగా చెప్పులు లేకుండా నడిచి వస్తారు, జంపన్నవాగులో తానం చేసి తడికాళ్లతో ఇసుకలో, తారురోడ్డు మీద నడుస్తారు. నాలుగు రోజుల నడకకు ఆనె పుట్టదు, బొబ్బలు లేస్తాయి. ఉన్న ఆనెలు మాత్రం నొప్పెక్కుతాయి. బయలుదేరే ముందు వాటిని కోయించుకునే అలవాటు మంచిది కాదు. పచ్చిగాయంతో మట్టిలో నడిస్తే చీము పట్టొచ్చు, ధనుర్వాతానికీ అది దారి. స్పర్శ తగ్గినవాళ్లు ఊరి నుంచి అమ్మవార్ల గద్దెల దాకా మెత్తటి చెప్పుతో నడిచి, గద్దెల దగ్గర విప్పి దండం పెట్టుకుంటే చాలని ఇంటివాళ్లే చెప్పాలి. తల్లుల మీది భక్తికి అందులో లోటేమీ రాదు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలన్నది సూటిగానే చెప్పవచ్చు. షుగర్, కుష్ఠు, కాళ్లకు రక్తం తగ్గడం, స్పర్శ పోవడం, వీటిలో ఏది ఉన్నా మొదటి రోజే వెళ్లాలి. మిగతావాళ్లు ఆనె చుట్టూ ఎరుపెక్కినా, చీము, వాసన, జ్వరం వచ్చినా, నెల రోజుల జాగ్రత్త తరవాత కూడా నొప్పి తగ్గకపోయినా వెళ్లాలి. మత్తు ఇచ్చి ఆనెను లోతుగా కోసి కుట్లు వేయడం కొన్నిచోట్ల ఇంకా జరుగుతోంది. బరువు మోపే అరికాలిలో కుట్టు మచ్చ మిగిలితే అదే కొత్త నొప్పికి కారణం కావచ్చు, ఆనె మళ్లీ రానూ వచ్చు. ఆపరేషన్‌కు అర్థం ఉండేది లోపలి ఎముక వంకరను సరిచేయవలసి వచ్చినప్పుడు, అప్పుడు కూడా కోయవలసింది ఎముకను.

2022 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం హెల్త్ ప్రొఫైల్ కార్యక్రమాన్ని ప్రయోగంగా మొదలుపెట్టిన రెండు జిల్లాల్లో ములుగు ఒకటి, రెండోది రాజన్న సిరిసిల్ల. 18 ఏళ్లు దాటినవాళ్ల బీపీ, షుగర్ లాంటివి చూసి నమోదు చేయడం దాని ఉద్దేశం. అలాంటి పరీక్షలకు పాదాన్ని కూడా కలపడానికి యంత్రం అక్కరలేదు. బ్రిటన్‌లోని ఇప్స్‌విచ్ ఆస్పత్రి వైద్యులు రూపొందించిన పద్ధతి ఒకటుంది. రోగిని కళ్లు మూసుకోమని, రెండు కాళ్లలో బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొసలను చూపుడు వేలితో ఒకటి రెండు క్షణాలు తేలిగ్గా తాకాలి, నొక్కకూడదు. ఆరింట్లో రెండు గాని అంతకన్నా ఎక్కువ గాని తెలియకపోతే స్పర్శ తగ్గినట్టు లెక్క. ఆశా కార్యకర్త రెండు నిమిషాల్లో చేయగల పని ఇది. షుగర్ బిళ్లలు ఇచ్చే ప్రతిసారీ ఆరోగ్య సిబ్బంది కాళ్లు చూపించమని అడగాలి. అడగకపోతే రోగులే చెప్పు విప్పి, ఆనె ఎక్కడుందో చూపించి, దాన్ని తీసేవాళ్లు ఎవరో చెప్పమని అడగాలి.